హోమ్‌స్కూలింగ్ ఖర్చుకి చుట్టాలను అడగొచ్చా?

ప్రశ్న: మేం కూకట్‌పల్లిలో ఉంటాం. బాబుకి పదకొండేళ్లు, పాపకి ఎనిమిది. రెండేళ్ల కిందట ఇద్దరినీ కార్పొరేట్ స్కూలు మాన్పించి ఇంట్లోనే చదివిస్తున్నాం. నేను లెక్కల టీచర్‌గా చేసేదాన్ని, వీళ్ల కోసం మానేశాను. మావారిది ప్రైవేటు ఉద్యోగం. ఫీజులు మిగులుతాయి అనుకున్నాం గానీ అమెరికా నుంచి తెప్పించే సిలబస్ కిట్లు, ఆన్‌లైన్ కోడింగ్, రోబోటిక్స్, కూచిపూడి, స్విమ్మింగ్ అన్నీ కలిపి నిరుడు లక్షా డెబ్బై వేలు దాటింది. ఆన్‌లైన్‌లో అందరినీ విరాళాలు అడిగే క్రౌడ్‌ఫండింగ్ పేజీ పెడదామని నేనంటే, అడుక్కున్నట్టు ఉంటుందని మావారు ఒప్పుకోవడం లేదు. ఒక ఫ్రెండేమో ట్రస్టు పెట్టు, ఇచ్చినవాళ్లకి ట్యాక్స్ కూడా తగ్గుతుంది అంటోంది. ఏం చేయమంటారు? – ఒక తల్లి, హైదరాబాద్

జవాబు: పేజీ పెట్టొద్దండి. మీవారు చెప్పిన కారణానికి మాత్రం కాదు. అడగడంలో తప్పేముంది, పెళ్లికి అడుగుతాం, ఇంటి స్లాబుకి అడుగుతాం, పిల్లాడి ఇంజనీరింగ్ సీటుకి అడుగుతాం, చదువు దగ్గరికి వచ్చేసరికి కొత్తగా పరువు పోదు.

అసలు సంగతేమిటంటే, మిలాప్, కెట్టో లాంటి సైట్లలో ముక్కూమొహం తెలియనివాళ్లు డబ్బులు వేసేది చాలావరకు ఆస్పత్రి బిల్లులకి. మీ రోబోటిక్స్ కిట్ పేజీ పక్కనే ఎవరో చంటిబిడ్డ ఆపరేషన్ పేజీ ఉంటుంది. చూసినవాళ్లు ఎటు వేస్తారో మీకూ తెలుసు, మీరైనా అటే వేస్తారు. కాబట్టి చివరికి మీ పేజీలో పడేవి మీ అన్నయ్య, మీ ఆడపడుచు, మీ కాలేజీ ఫ్రెండ్స్ వేసిన డబ్బులే, వాళ్లు వేసేదానికి మధ్యలో ఒక సైటు, దాని చార్జీలు ఎందుకు, నేరుగా మీ ఫోన్‌కే కొట్టించుకోవచ్చు కదా. ఇంకో మాట, పిల్లల ఫోటోలు పెట్టి, బడి మాన్పించిన కథంతా రాసి ఇంటర్నెట్‌లో వదిలేస్తే అది వాళ్లు పెద్దయ్యాక కూడా పోదు. మీ బాబుకి పదహారేళ్లు వచ్చినప్పుడు వాడి క్లాస్‌మేట్ ఎవరో ఆ పేజీ తీసి చూపిస్తే వాడికి ఎలా ఉంటుందో ఆలోచించండి.

ట్రస్టు మాట మర్చిపోండి. సొంత పిల్లల కోసం పెట్టుకున్న ట్రస్టు ధర్మసంస్థ అవదు. ఇచ్చినవాళ్లకి పన్ను తగ్గే 80జీ రసీదు ఇవ్వాలంటే ఆ ట్రస్టు నలుగురికీ పనికొచ్చేది అయ్యుండాలి, ఆదాయపు పన్ను శాఖ దగ్గర రిజిస్టర్ అయ్యుండాలి, దాని డబ్బు పెట్టినవాళ్ల కుటుంబానికే వెళ్తే మినహాయింపు పోతుంది. మీ ఫ్రెండ్ మంచికే చెప్పి ఉంటుంది గానీ ఆ దారిలో వెళ్తే మిగిలేది ఆడిటర్ ఫీజు, నోటీసుల టెన్షన్.

ఇప్పుడు ఆ లక్షా డెబ్బై వేల సంగతి చూద్దాం. ఒక కాగితం తీసుకుని రెండు భాగాలు చేయండి, చదువు ఒక పక్క, మిగతావి ఒక పక్క. కూచిపూడి, స్విమ్మింగ్ బడికి వెళ్లే పిల్లలకీ ఉంటాయి, అవి హోమ్‌స్కూలింగ్ ఖర్చు కాదు, అవి ఇంటి బడ్జెట్‌లోవే. వాటికోసం ఎవర్నీ అడగకండి. మిగిలిన దాంట్లో అన్నిటికన్నా పెద్దది అమెరికా కిట్టే అయ్యుంటుంది, నిజానికి ఈ ఉత్తరంలో నాకు అర్థంకానిది అదొక్కటే. మీరు లెక్కల టీచరు. మీకు పాఠం చెప్పడం నేర్పే పెట్టె ఎందుకు? ఆ పెట్టెలోని సగం పుస్తకం డాలర్లు, సెంట్లు, అంగుళాలు, గ్యాలన్లు.

ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు వాళ్ల వెబ్‌సైట్‌లోనే ఉచితంగా దొరుకుతాయి. తెలంగాణ, ఆంధ్ర ప్రభుత్వ పాఠ్యపుస్తకాలైతే ఇప్పుడు ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్‌తో వస్తున్నాయి, ఇంట్లో చదివించేవాళ్లకి అంతకంటే ఏం కావాలి. కేంద్ర ప్రభుత్వ దీక్షా యాప్ ఉంది, ఉచితంగా వీడియో పాఠాలు చెప్పే ఖాన్ అకాడమీ ఉంది, తెలంగాణ ప్రభుత్వ టీ-శాట్ విద్య చానల్ ఉంది. చిన్న పాపకి కథలు కావాలంటే ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో తెలుగు కథలు బోలెడు, ఒక్క రూపాయి అడగరు. అచ్చు పుస్తకమే చేతిలో ఉండాలంటే తార్నాకలో మంచి పుస్తకం వాళ్ల దగ్గర పిల్లల పుస్తకాలు చవగ్గా దొరుకుతాయి, ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పాత ఎన్‌సైక్లోపీడియాలు, అట్లాసులు బేరమాడి తెచ్చుకోవచ్చు, డిసెంబర్‌లో బుక్ ఫెయిర్ సరేసరి. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి మెట్రోలో వెళ్లండి, పిల్లలకి ఆ ప్రయాణం కూడా చదువే. ఆన్‌లైన్ కోడింగ్ క్లాసుకి నెలనెలా కట్టేవాళ్లు, పిల్లలకి కోడింగ్ నేర్పే స్క్రాచ్ సైటు ఉచితమని ఒకసారి చూసి రండి, పదకొండేళ్లవాడికి ఏడాది పాటు అది చాలు.

మీరు అడగలేదు గానీ, అసలు దాచాల్సింది పరీక్షలకి. బాబుకి 14 ఏళ్లు నిండితే కేంద్రం నడిపే ఓపెన్ స్కూల్ ఎన్‌ఐఓఎస్‌లోగానీ, తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీలోగానీ టెన్త్ కట్టొచ్చు. అడ్మిషన్, పరీక్ష ఫీజు కలిపినా కొన్ని వేలతో అయిపోతుంది, ఆడపిల్లలకి ఎన్‌ఐఓఎస్‌లో ఫీజు ఇంకా తక్కువ. ఏడాదికి రెండుసార్లు పరీక్షలుంటాయి, ఒకసారి చేరితే ఐదేళ్లలో తొమ్మిది అవకాశాలిస్తారు, సబ్జెక్టు సబ్జెక్టూ విడిగా రాసుకోవచ్చు. బ్రిటన్‌వాళ్ల టెన్త్ స్థాయి పరీక్ష కేంబ్రిడ్జి ఐజీసీఎస్‌ఈ ప్రైవేటుగా రాయిద్దామనుకుంటే మాత్రం సబ్జెక్టుకింత అని కట్టాలి, ఓపెన్ టెన్త్ ఖర్చుకి అది ఎన్నో రెట్లు. ఈ పరీక్షలు అక్కర్లేదు, మాది వేరే దారి అనుకునేవాళ్లు కొందరుంటారు, వాళ్లకి ముంబైకి చెందిన మాళవికా రాజ్ జోషీ సంగతి గుర్తు చేస్తాను. ఇంట్లోనే చదువుకుని ఇన్ఫర్మాటిక్స్ (కంప్యూటర్ ప్రోగ్రామింగ్) ఒలింపియాడ్‌లో పతకాలు తెచ్చి 2016లో అమెరికాలోని ఎంఐటీకి వెళ్లింది, కానీ ఇంటర్ సర్టిఫికెట్ లేదు కాబట్టి మన ఐఐటీల్లో మాత్రం ఆమెకి దారి లేకపోయింది. అందరి పిల్లలకీ ఒలింపియాడ్ పతకాలు రావు కదా. ఓపెన్ ఇంటర్‌తో జేఈఈ రాయొచ్చు, ఆ సర్టిఫికెట్ చేతిలో ఉంచుకోండి.

సరే, ఇంత తగ్గించాక కూడా ఏదో ఒక పెద్ద వస్తువు మిగులుతుంది, ల్యాప్‌టాపో మైక్రోస్కోపో. దానికి అడగండి. నెలనెలా ఖర్చుకి అడగొద్దు, ఒక్క వస్తువుకి, ఒక్కసారి, ధర చెప్పి అడగండి. "హోమ్‌స్కూలింగ్‌కి సాయం చేయండి" అంటే ప్రతి చుట్టమూ ముందు హోమ్‌స్కూలింగ్ మంచిదా కాదా అని తీర్పు చెప్తాడు, ఆ తర్వాతే జేబు సంగతి. "బాబు పుట్టినరోజుకి బట్టలు, బొమ్మలు వద్దండీ, మైక్రోస్కోప్ కొంటున్నాం, ఎనిమిది వేలు, వీలైనవాళ్లు తలా కొంచెం వేయండి, వీలు కాకపోయినా భోజనానికి మాత్రం రావాలి" అని ఫ్యామిలీ గ్రూపులో పెట్టండి. ఎలాగూ చదివింపులు చదివించే జనమే మనవాళ్లు. కొన్నాక బాబు చేత ఉల్లిపొర చూసిన ఫోటో తీయించి అదే గ్రూపులో పెట్టించండి, ఎవరెంత వేశారో మాత్రం పెట్టకండి, తోడికోడళ్ల మధ్య అక్కడే మొదలవుతుంది.

పన్ను సంగతి కూడా చెప్పేస్తాను, ఎందుకంటే ఇక్కడ చాలామంది బోల్తా పడతారు. దగ్గరి బంధువులు ఎంత ఇచ్చినా మీకు పన్ను లేదు, అమెరికా నుంచి తమ్ముడు పంపినా లేదు. కానీ దగ్గరి బంధువులెవరు అన్నదానికి చట్టంలో ఒక జాబితా ఉంది, అది మన వరసలతో పూర్తిగా కలవదు. అమ్మానాన్న, తాతయ్యలు, అమ్మమ్మ నానమ్మలు, అత్తమామలు, మీ తోబుట్టువులు, మీవారి తోబుట్టువులు, వీళ్ల భార్యలూ భర్తలూ, మీ మేనమామ, మేనత్త, చిన్నాన్న, పిన్ని అందరూ ఉన్నారు. పెదనాన్న కొడుకు లేడు, ఎంత సొంత అన్నలా పెరిగినా సరే. మీవారి మేనమామ ఇస్తానంటే మీవారి ఖాతాలో వేయించండి, ఆయనకి దగ్గరి బంధువే గానీ మీకు కాదు. ఇంకా చిత్రం, మీ మేనమామ మీకిస్తే పన్ను లేదు, అదే రేపు మీ మేనల్లుడు సంపాదించి మీకిస్తే అతను జాబితాలో లేడు.

జాబితాలో లేనివాళ్లందరూ కలిపి ఒక ఆర్థిక సంవత్సరంలో మీకిచ్చింది 50,000 రూపాయలు దాటితే, దాటిన ముక్క ఒక్కటే కాదు, మొత్తమంతా మీ ఆదాయంలో కలుస్తుంది. పెళ్లి కానుకలకి మినహాయింపు ఉంది, పుట్టినరోజుకి లేదు. కొత్త పన్ను విధానంలో జీతం లాంటి మామూలు ఆదాయం 12 లక్షల లోపుంటే ఎలాగూ పన్ను పడదు గానీ, మీవారి జీతం ఆ అంచున ఉంటే ఫ్రెండ్స్ డబ్బు ఆయన ఖాతాలోకి రానివ్వకండి. పిల్లల పేరున ఖాతా తెరిస్తే తప్పించుకోవచ్చనుకుంటారు కొందరు, మైనర్ ఆదాయాన్ని తల్లిదండ్రుల్లో ఎక్కువ సంపాదించేవాళ్లకే కలుపుతారు.

ఇక ఆఖరిది. మీ ఇంట్లో పెద్ద ఖర్చు కిట్ కాదు, మీరు వదులుకున్న జీతం. దాన్ని ఏ చుట్టమూ పూడ్చలేడు, మీరే కొంత పూడ్చుకోవాలి. సాయంత్రం కాలనీ పిల్లలకి లెక్కల ట్యూషన్ చెప్పండి, లేదా అమెరికాలో మనవాళ్ల పిల్లలకి ఆన్‌లైన్‌లో తెలుగు నేర్పండి. వేసవిలో మనకి శనివారం రాత్రి ఏడున్నర అయితే న్యూజెర్సీలో ఉదయం పది, ఇద్దరికీ కుదిరే సమయం. సర్వీసులకి ఏడాదికి 20 లక్షల దాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ గొడవ కూడా లేదు. ఒక్క జాగ్రత్త, వేరేవాళ్ల పిల్లలని పదిమందిని పొద్దున్నే ఇంట్లో కూర్చోబెట్టి ఫీజు తీసుకుని రోజంతా చదివిస్తే అది హోమ్‌స్కూలింగ్ అనిపించుకోదు, గుర్తింపు లేని బడి అనిపించుకునే ప్రమాదం ఉంది. విద్యాహక్కు చట్టంలో దానికి లక్ష రూపాయల దాకా జరిమానా, ఆపకపోతే రోజుకి పది వేలు. ట్యూషన్ ట్యూషన్‌లాగే ఉంచండి.

ప్రశ్న: మా అమ్మాయికి తొమ్మిదేళ్లు, ఇంట్లోనే చదివిద్దామనుకుంటున్నాం. సుకన్య సమృద్ధిలో వేసిన డబ్బు తీసుకోవచ్చా? లేదంటే బ్యాంకులో ఎడ్యుకేషన్ లోన్ వస్తుందా? ట్యూటర్‌కి ఇచ్చేది పన్ను తగ్గింపుకి 80సీలో చూపించొచ్చా? – గుంటూరు నుంచి ఒక తండ్రి

జవాబు: మూడింటికీ కాదనే చెప్పాలి. సుకన్యలో చదువుకోసం సగం దాకా తీసుకునే వీలు అమ్మాయికి 18 ఏళ్లు వచ్చాకో, టెన్త్ పాసయ్యాకో, అదీ అడ్మిషన్ కాగితం చూపిస్తేనే. ఎడ్యుకేషన్ లోన్‌కి కూడా బ్యాంకు అడిగే మొదటి కాగితం అదే. 80సీ పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే, అందులోనూ స్కూలుకో కాలేజీకో కట్టిన ట్యూషన్ ఫీజుకే, ఇంటికొచ్చే ట్యూటర్‌కి ఇచ్చేది లెక్కలోకి రాదు.

బంగారం తాకట్టు పెడదామని మాత్రం అనుకోకండి, ప్రతి ఏడూ వచ్చే ఖర్చుకి వడ్డీ డబ్బు తెస్తే అది ఎప్పటికీ తీరదు. చిట్టీ వేసే అలవాటు ఉంటే రిజిస్టరైన కంపెనీలో చిన్న చిట్టీ ఒకటి వేసి, పాట ఎత్తిన డబ్బు ల్యాప్‌టాప్‌కో పరీక్ష ఫీజుకో వాడుకోండి. ఓపెన్ టెన్త్‌కి మీ దగ్గర ఏపీ ఓపెన్ స్కూల్ సొసైటీ ఉంది. బడిలో టీసీ, రికార్డుల కాపీలు ఇప్పుడే తీసుకుని దాచుకోండి, తర్వాత తిరగడం కష్టం.

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం, నాది హెచ్-4 వీసా, వర్క్ పర్మిట్ లేదు. ఇద్దరు పిల్లల్ని హోమ్‌స్కూల్ చేస్తున్నాను. ఇక్కడ అమెరికన్ ఫ్యామిలీలు విరాళాలకి గోఫండ్‌మీ పేజీలు పెడుతున్నాయి, బేక్ సేల్స్ చేస్తున్నాయి, ఒకావిడ వర్క్‌షీట్లు తయారుచేసి ఆన్‌లైన్‌లో అమ్ముతోంది. నేనూ పచ్చళ్లు చేసి అమ్మి ఆ డబ్బుతో పుస్తకాలు కొనొచ్చా?

జవాబు: ఆ అమెరికన్ ఆవిడకి కుదిరింది మీకు కుదరదండి. పచ్చళ్లయినా వర్క్‌షీట్లయినా ట్యూషనైనా, డబ్బు కోసం అమ్మితే పర్మిట్ లేని పని కిందకి వస్తుంది. పది సీసాల ఆవకాయ కోసం రేపు గ్రీన్‌కార్డ్ ఫైలులో సమాధానం చెప్పుకోవాల్సిన పరిస్థితి తెచ్చుకోకండి. "ఫ్రెండ్స్‌కే కదా, జెల్ యాప్‌లో డబ్బు వేస్తారు కదా" అని అనేవాళ్లు మీ చుట్టూ చాలామందే ఉంటారు, ఇమిగ్రేషన్ లాయర్‌ని ఒక్కసారి అడిగి చూడండి.

మీ అమ్మానాన్నలో అత్తమామలో కానుకగా పంపితే అది వేరు, అది సంపాదన కాదు. గోఫండ్‌మీలో ఎవరైనా ఊరికే ఇచ్చింది మామూలుగా కానుక కిందే చూస్తారు, ఇచ్చినవాళ్లకి పన్ను తగ్గింపు ఏమీ రాదు. కానీ పైన కూకట్‌పల్లి ఆవిడకి చెప్పిందే మీకూ, వేసేది మీ వాళ్లే.

టెక్సస్‌లో ఉండటం ఈ విషయంలో మీ అదృష్టం. 1994లో అక్కడి సుప్రీంకోర్టు హోమ్‌స్కూల్‌ని ప్రైవేటు స్కూలు కిందే లెక్కగట్టింది, అప్పటినుంచి చదవడం, స్పెల్లింగ్, గ్రామర్, లెక్కలు, పౌరబాధ్యత నేర్పితే చాలు, ఫలానా కంపెనీ కిట్ కొనాలన్న రూలే లేదు. 2025లో గవర్నర్ సంతకం పెట్టిన కొత్త చట్టం ప్రకారం 2026–27 విద్యా సంవత్సరం నుంచి పిల్లల చదువు ఖర్చుకి రాష్ట్రం సొమ్మిచ్చే ఎడ్యుకేషన్ ఫ్రీడమ్ అకౌంట్లు వస్తున్నాయి, హోమ్‌స్కూల్ పిల్లలకి ఏడాదికి 2,000 డాలర్ల దాకా. ఆ డబ్బు మీ చేతికి రాదు, ఆమోదం ఉన్న అమ్మకందార్లకే వెళ్తుంది. దరఖాస్తు చేసేముందు పిల్లల పౌరసత్వం, వీసా గురించిన నిబంధన చదువుకోండి, అమెరికాలో పుట్టిన పిల్లకీ ఇండియాలో పుట్టి వచ్చిన పిల్లకీ కావలసిన కాగితాలు ఒకటే ఉండవు. ఈలోగా మీ ఊరి పబ్లిక్ లైబ్రరీ కార్డు తీసుకోండి, ఇంకో ఇద్దరు ముగ్గురు తల్లులతో కలిసి ఒకరు సైన్స్, ఒకరు ఇంగ్లిష్, మీరు లెక్కలు, డబ్బుల ఊసు లేకుండా వంతులవారీగా చెప్పుకోండి.

ప్రశ్న: రిటైరైన హెడ్మాస్టర్‌ని, రాజమండ్రి. మా అబ్బాయి, కోడలు మనవణ్ని బడి మాన్పించి ఇంట్లో చదివిస్తున్నారు. నాకు అస్సలు ఇష్టం లేదు. ఇప్పుడు ఖర్చులకి యాభై వేలు సర్దమంటున్నారు. ఇస్తే వాళ్లని ప్రోత్సహించినట్టు, ఇవ్వకపోతే మనవడికి అన్యాయం చేసినట్టు ఉంది. ఇవ్వాలా వద్దా?

జవాబు: మాస్టారూ, ముందు ఆ యాభై వేలు దేనికో అడగండి, లెక్క రాసివ్వమనండి. హెడ్మాస్టరుగా ఆ హక్కు మీకు ఇంకా ఉంది. "ఇస్తాను గానీ జూన్‌లో బడికి పంపాలి" అన్న షరతు మాత్రం పెట్టకండి. అలా ఇచ్చిన డబ్బు వాళ్లు తీసుకోరు, తీసుకున్నా మీ దగ్గరికి రావడం తగ్గిస్తారు, మధ్యలో మనవడికి తాతయ్య తగ్గుతాడు. మీకు ఇష్టం లేదన్న మాట ఒకసారి స్పష్టంగా చెప్పి ఊరుకోండి. కొడుకుకి తండ్రి ఇచ్చేదాని మీద పన్ను ఏమీ లేదు కాబట్టి ఆ భయం అక్కర్లేదు, బ్యాంకులోంచి బ్యాంకులోకి పంపితే చాలు.

నన్నడిగితే యాభై వేలూ ఒకేసారి ఇవ్వొద్దు. పుస్తకాలకి కావలసింది ఇప్పుడివ్వండి, ఓపెన్ టెన్త్ ఫీజు నాదని చెప్పి ఆ సొమ్ము పక్కన పెట్టండి, మీకు కావలసిన సర్టిఫికెట్ కూడా దాంతో వస్తుంది. ఇంకొకటి, రోజూ సాయంత్రం ఓ అరగంట వీడియో కాల్‌లో తెలుగు వ్యాకరణమో సాంఘిక శాస్త్రమో మీరే చెప్పండి. ఆ సబ్జెక్టుకి వాళ్లు ట్యూటర్‌కి ఎంత ఇస్తున్నారో కోడలిని అడిగి, యాభై వేలలోంచి అంత తగ్గించి పంపండి.